గాలి ఉన్నంత దూరం

రాత్రి పదకొండున్నరకి, పద్దెనిమిదోసారి,
నా ఇంజను కంప్యూటర్లో ఆరిపోయింది.
మాక్ మూడు దగ్గర, ఎప్పటిలాగే,
రాకెట్ చెయ్యి వదలగానే
రామ్‌జెట్ అందుకోలేక.
తెరమీద థ్రస్ట్ గీత
యారాడ కొండ ఘాటీలా మెలికలు దిగి
అడుగు లేని బావిలో పడింది.

పెదవాల్తేరు గదిలో ఫ్యాను తిరుగుతోంది.
గాలి ఊరికే వస్తుంది. నా వాదనంతా ఇదే.
రాకెట్టేమో
ఒక పాలు హైడ్రోజన్‌కి ఆరు పాళ్ల ఆక్సిజన్
వీపున కట్టుకుని లేస్తుంది,
అదే ఆక్సిజన్ చుట్టూ వీస్తుండగానే,
నెత్తిన నీళ్లబిందె పెట్టుకుని
మేఘాద్రిగెడ్డ ఈదినట్టు.

మా గైడు భ్రమరాంబగారు
నా ప్రతి పేజీ అంచున
ఎర్ర పెన్నుతో ఒకటే మాట రాస్తారు:
కిలోకి ఎంత?

నిద్ర పట్టక నాలుగున్నరకి
జాలారిపేట ఇసుకలోకి దిగాను.
తెడ్డు పరశన్న వల చిక్కు విప్పుతున్నాడు.
డెబ్బై రెండేళ్లు. ఇప్పుడు వేటకి వెళ్లడు,
వెళ్లేవాళ్ల మీద విసుక్కోడానికి వస్తాడు.

"ఏటి పిల్లా, నీ తారాజువ్వ ఎగిరిందా?"

చెప్పాను,
ఆయనకి తెలిసిన మాటల్లోకి మార్చానని లోలోపల పొంగిపోతూ.
గాలి ఉన్నంత దూరం చాప,
గాలి అయిపోయాక డీజిలు,
రెండూ ఒకే పడవలో.
మిగిలిన డీజిలు బరువుకి
అంత సరుకు ఎక్కించుకోవచ్చు కదా, తాతా.

గాలికి వీపు తిప్పి చుట్ట వెలిగించుకున్నాడు.
అగ్గిపుల్ల రెండుసార్లు ఆరింది.
మూడోది అరచేతుల గూట్లో నిలబడింది.
ధ్వనిని మించిన గాలిలో మంట నిలపడానికి
నేను గీసుకున్న గొయ్యి కూడా ఆ ఆకారమే.
పైకి అనలేదు.

"మరి గాలి పడిపోనాక
ఆ కొయ్య, ఆ చాప, ఆ మోకులు
ఎవుడు మోస్తాడమ్మా?"

రెండు అలలు వచ్చి పోయాయి.

నా కోడ్‌లో ఎనిమిది వందల పదో వరస.
గాలి నోరు మూసుకుని
రాకెట్ మళ్లీ మొదలయ్యే చోట
ఆ నోటి బరువు సున్నా.
నేనే రాసుకున్నాను మూడేళ్ల కిందట,
పక్కన "తర్వాత చూద్దాం" అని.

గదికెళ్లి సున్నా చెరిపాను.
మూడు వందల డెబ్బై నాలుగు అని కొట్టాను.
తలుపులు, గొట్టాలు, వేడి తట్టుకునే పెదవులు,
అన్నీ కలిపి, కక్ష్యదాకా మోసుకెళ్లే చచ్చుబరువు.
నిన్నటిదాకా నా ఇంజను
మామూలు రాకెట్ కన్నా
నాలుగు వందల పన్నెండు కిలోలు ఎక్కువ మోసేది.
ఇప్పుడు ముప్పై ఎనిమిది.

ముప్పై ఎనిమిది అంటే
ఫిషింగ్ హార్బర్ వేలంలో
ఐసుతో కలిపి ఒక గంప కవ్వళ్లు.
కొనేవాడు నడక కూడా ఆపడు.

భ్రమరాంబగారు చాలాసేపు చూశారు.
పెన్ను మూత తియ్యలేదు.
"ఇన్నాళ్లకి ఒక నిజం అంకె తెచ్చావు" అన్నారు,
టీ చల్లారిపోయిందని తిట్టి మళ్లీ తెప్పించారు.

మర్నాడు పరశన్న మనవడు సింహాద్రి
పడవ తోస్తుంటే చూశాను.
డీజిలు మండిపోతోందని
తాత పాత చాప అటక దించి కుట్టించాడు.
నేలగాలి వాణ్ణి డాల్ఫిన్స్ నోస్ దాకా
పైసా అడగకుండా తీసుకెళ్లింది.

అక్కడ గాలి తెగింది.
చాప దిగింది.
ఇంజను ఇంకా దగ్గలేదు.
గాలీ లేక, నిప్పూ లేక
ఆ పడవ తన పాత వేగం మీదే
కొంతదూరం వెళ్లింది.
ఒడ్డున నిలబడి లెక్కపెట్టాను:
ఎనిమిది అలలు.

ఆ ఎనిమిదింటికే
నా దగ్గర ఇంకా సమీకరణం లేదు.